గరిటె వేగం

ఆ ఏడు పెద్దవానల కాలంలో మా బళ్ళో అందరికంటే బాగా పాఠం చెప్పింది వంటమనిషి. ఈ మాట నేను అనడం లేదు, నైరోబీలో ఉన్న కంపెనీ కంప్యూటరు అంది. మా ఒక్క బడే కాదు, దేశం మొత్తం మీద ఆ కంపెనీకి ఉన్న మూడు వందల చిల్లర బళ్ళలోనూ ఆమెదే మొదటి స్థానం. కాకపోతే కాగితం మీద ఆమె పేరు బదులు నా పేరు పడింది. గొడవంతా అక్కడే వచ్చింది.

మా పేట నకూరు ఊరి చివర, చెత్తగుట్టకి దిగువన ఉంది. బడి అంటే ఎనిమిది రేకుల గదులు, ఒక గేటు, గేటు పక్కన వంటపాక. నేను మూడో తరగతి టీచర్ని. పేటలో పెద్దవాళ్ళంతా నన్ను మ్వాలిము అంటారు, పంతులమ్మ అని. పేరుకే పంతులమ్మని. హైస్కూలుతో నా చదువు ఆగిపోయింది. కంపెనీ వాళ్ళు ఐదు వారాలు కూర్చోబెట్టి నేర్పింది ఒక్కటే, ట్యాబ్ పట్టుకోవడం.

ట్యాబ్ ఎడమచేతిలో ఉండాలి. కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి, సైగ చెయ్యడానికి. అందులో నల్లక్షరాల్లో ఉన్నది పైకి చదవాలి, ఎర్రక్షరాల్లో ఉన్నది చెయ్యాలి. చెయ్యి ఎత్తు. రెండు లెక్కపెట్టు. పిల్లల చేత అనిపించు. నవ్వు. పుట తిప్పు. ఉదయం పది గంటల ఐదు నిమిషాలకి నేను 'కుందేలు' అంటే, అదే నిమిషాన మొంబాసాలో ఇంకో టీచరు 'కుందేలు' అనాలి. ఏ పుట మీద ఎంతసేపు ఆగానో ఆ ట్యాబే రాసుకుని సాయంత్రానికి నైరోబీకి చేరవేస్తుంది. అత్తగారికి చాడీలు చెప్పే ఆడబిడ్డ కూడా అంత వేగంగా చెప్పదు.

నిజం చెప్పాలి. మొదటి ఏడు నాకు ఆ ట్యాబ్ దేవుడిచ్చిన వరంలాగే ఉండేది. నాకు రాని ఇంగ్లీషు నా నోట పలికించింది. జీతం ఇప్పించింది. ఇంట్లో అక్క, అక్క కూతురు, నేను. ముగ్గురం రెండు పూటలా తిన్నామంటే సగం దాని పుణ్యమే. మిగతా సగం అక్క సంతలో అమ్మే టమాటాలది.

మార్చి మొదట్లో ఒక సాయంత్రం ఆ భ్రమ పోయింది.

అక్క పేరు నెలిమా. చదువు రాదు. కొండ మీద తోటల నుంచి సరుకు లారీ తెల్లారేసరికి సంతకి వస్తుంది. ఏదైనా తేడా వస్తే లారీ అతను ఫోనుకి మెసేజి పెడతాడు. ఆ సాయంత్రం నేను బళ్ళో మీటింగులో ఉన్నాను. అక్క ఫోను తీసి కూతురి చేతిలో పెట్టింది. ఎవర్లిన్‌ది నా తరగతే. కిందటి నోటి పరీక్షలో నూటికి తొంభై ఆరు.

"ఏమంటున్నాడే?"

"ఏం లేదమ్మా, మామూలే. సంతకి వస్తాడంట."

అతను రాసింది వేరు. వానకి సంతదారి కొట్టుకుపోయింది, లారీ మిల్లు దగ్గర ఆగుతుంది, అక్కడికి రమ్మని రాశాడు. మర్నాడు పది దాకా అక్క ఖాళీ బుట్టలతో సంతలో నిలబడింది. ఆ పాటికి మిల్లు దగ్గర సరుకు అయిపోయింది. ఇంటికి వచ్చి బుట్ట నా కాళ్ళ ముందు గిరాటేసింది.

"తొంభై ఆరంట, తొంభై ఆరు! ఆ నాలుగు మార్కులు ఎందుకు ఉంచుకున్నారే? అవీ పారెయ్యకపోయారా దీని మొహాన!"

ఎవర్లిన్ మూలన నక్కి ఉంది. నేను దగ్గరికి పిలిచి పాఠపుస్తకం తెరిచాను. కుందేలు, హైనా కథ. పిల్ల వేలు జరుపుతూ గడగడా చదివేసింది. ఒక్క తప్పు లేదు. ఎందుకో నాకు అనుమానం వచ్చి పుట మీద అరచెయ్యి పరిచాను. పిల్ల ఆగలేదు. నా చేతి మీద వేలు జరుపుకుంటూ, అదే వేగంతో, కథ చివరి దాకా చదివేసింది.

"మరి ఫోన్లో ఉన్నది ఎందుకు చదవలేదే?"

"టీచర్ ముందు అంటేనే కదా పిన్నీ మేము చదివేది? ఫోన్లో ఎవరూ ముందు అనలేదు."

అక్క నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు తరగతిలో ఒక్కొక్కళ్ళనీ పిలిచి, చూడని పేజీ తెరిచి చదివించాను. యాభై ఆరుమందిలో ఏడుగురికి వచ్చింది. ఏడుగురు! రెండేళ్ళుగా నేను ముందు కూయడం, వాళ్ళు వెనక కూయడం. ఊరంతా మా బడి ముందు నుంచి పోతూ, "అబ్బ, ఏం చదువుతున్నారర్రా పిల్లలు" అని మురిసిపోవడం.

బడి మేనేజరు ఒగోలా సారు దగ్గరికి వెళ్ళి చెప్పాను. మనిషి చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఫోను మోగితే లేచి నిలబడతాడు.

"సారూ, నా పిల్లలకి చదవడం రాదు."

"రిపోర్టులో వస్తోందిగా మ్వాలిము."

"రిపోర్టు సంగతి కాదు, పిల్లల సంగతి చెప్తున్నా."

"నాకు వచ్చేది రిపోర్టు," అన్నాడు. "పిల్లలు నా దగ్గరికి రారు కదా."

ఆ వారమే అసలు వానలు దిగాయి.

రేకుల కప్పు మీద మా వాన ఎలా ఉంటుందంటే, పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. కంకర లారీ నెత్తి మీద దింపినట్టు ఉంటుంది. అయినా నేను ట్యాబ్ పట్టుకుని చదువుతూనే ఉన్నాను. పెదాలు ఆడుతున్నాయి. నా గొంతు నాకే తెలియడం లేదు. చెయ్యి ఎత్తితే యాభై ఆరు నోళ్ళు తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఏమంటున్నారో వాళ్ళకీ తెలీదు. అక్షరం వినపడని చోట కూడా పాఠం సక్రమంగా నడిచిపోతోంది! ఎర్రక్షరాల్లో 'నవ్వు' అని వచ్చింది. నేను నవ్వాను. అప్పుడు నామీద నాకు రోత పుట్టింది.

ట్యాబ్ బల్ల మీద బోర్లా పెట్టేశాను.

తరగతిలో ఏడు వరసలు. వరసకి ఎనిమిదిమంది. ఒక్కో వరసలో ఆఖరి పిల్ల వీపు మీద వేలితో ఒక అక్షరం రాశాను. ముందువాళ్ళ వీపు మీద రాసి దాటించమని సైగ చేశాను. ముందు కితకితలకి నవ్వులు, తర్వాత దాటింపులు. ముందు బెంచీ పిల్లవాడు లేచి వచ్చి బోర్డు మీద రాయాలి. మొదటిరోజు ఒక్క వరసా సరిగ్గా రాయలేదు. 'టి' అని బయల్దేరింది 'ఎఫ్' అయి వచ్చింది. తప్పు ఎక్కడ దొర్లిందో ఆ వరసే పట్టుకోవాలని రూలు పెట్టాను. బోర్డు దగ్గర నుంచి వెనక్కి ఒక్కొక్కళ్ళనీ అడుగుతూ వస్తారు. నువ్వేం రాశావు, నీకేం తెలిసింది. దొంగని పట్టినట్టు పట్టేవాళ్ళు. పట్టాక కొట్టేవాళ్ళు కాదు. వాడి చెయ్యి పట్టుకుని మళ్ళీ రాయించేవాళ్ళు. నేను చెప్పిన ముక్క కాదు ఇది, వాళ్ళకి వాళ్ళే మొదలెట్టారు.

నాలుగు రోజులకి అక్షరాలు పోయి మాటలు వచ్చాయి.

ఐదో రోజు ఒగోలా సారు తన ఫోను నా ముందు పెట్టాడు. నా పేరు పక్కన నాలుగు ఎర్ర గుర్తులు.

"రోజూ రెండో పుట మీదే నలభై నిమిషాలు ఉన్నావంట. నైరోబీ నుంచి రెండుసార్లు ఫోను. ఇంకొక్క ఎర్ర గుర్తు పడితే నిన్ను తీసేస్తున్నట్టు ఉత్తరం ఇవ్వమన్నారు. నేను ఇస్తాను మ్వాలిము, ఇవ్వనంటానని ఆశ పెట్టుకోకు. నాకూ ఇద్దరు పిల్లలు."

మేము నిలబడ్డది వంటపాక ముందు. లోపల గంజి కాస్తున్న వంటమనిషి తబితా వాళ్ళమ్మ అంతా వింది. పదిహేనేళ్ళు బస్టాండు దగ్గర చపాతీలు కాల్చి అమ్మిన మనిషి. ఒగోలా సారు అటు వెళ్ళగానే గరిటెతో నన్ను పిలిచింది.

"ఏంటంట వాడి గోల?"

"పుటలు తిప్పడం లేదంట."

"తిప్పితే చాలా?"

"తిప్పితే చాలు. ఎవరు తిప్పారో దానికి తెలీదు."

"నా జన్మంతా తిప్పడమేనే తల్లీ. చపాతీలు తిప్పాను, గంజి తిప్పుతున్నాను. ఇలా పారెయ్. ఎంతసేపటికి ఒకటి?"

"రెండు నిమిషాలకి అటూ ఇటూ."

"నిమిషాలు నాకు తెలీవు. నలభై చుట్లకి ఒకటి తిప్పుతా."

ఆవిరి తగలకుండా పంచదార కవరులో పెట్టి ట్యాబ్ ఆమె చేతికి ఇచ్చాను. గంజి కుండ పక్కన ఇటుక మీద నిలబెట్టింది. ఎడమచేత్తో గరిటె, కుడిచేతి చిటికెనవేలితో పుట. ఉదయం జొన్నగంజి, తర్వాత మధ్యాహ్నానికి మొక్కజొన్న గుగ్గిళ్ళు. రోజూ అదే చెయ్యి, అదే వేగం. ఆమె గరిటె అడుగంటనివ్వదు, పొంగనివ్వదు.

అలా ఐదు వారాలు. వాన ఉన్నప్పుడు వీపుల మీద పాఠం. వాన ఆగితే నేల మీద, గోడ మీద, పేట వీధుల్లో. వారానికోసారి తరగతి మొత్తాన్ని బయటికి తీసుకెళ్ళి కనిపించిందల్లా చదివించాను. సబ్బు కాగితం, మందులకొట్టు బోర్డు, బస్సుల వెనక రాసుకునే ప్రగల్భాలు. ఒకడు మా గది కప్పు చూసి, "టీచర్, మన రేకుల మీద ఏదో కంపెనీ పేరుంది, రెండేళ్ళ నుంచీ అక్కడే ఉందా?" అని అడిగాడు. రెండేళ్ళ నుంచీ అక్కడే ఉందిరా నాయనా. చూడనిచ్చిందెవరు?

ఎవర్లిన్ ఇంట్లో లారీ అతని మెసేజీలు చదవడం మొదలెట్టింది. మొదట్లో అక్క నమ్మేది కాదు. పిల్ల చదివాక పక్కింటికి పోయి ఇంకోసారి చదివించుకుని వచ్చేది. మూడోవారానికి పక్కింటికి పోవడం మానేసింది. రాత్రి సంకటిలో నా వాటా కొంచెం పెద్దదయింది.

అందరికీ వచ్చిందని కోతలు కొయ్యను. నలభైమందికి వచ్చింది. పదహారుమంది ఇంకా తడబడుతున్నారు.

ఏప్రిల్ సెలవులకి వారం ముందు ఒగోలా సారు నవ్వుకుంటూ వచ్చాడు. ఆయన నవ్వు చూడటం నాకు అదే మొదలు.

"మ్వాలిము నాసిమియు! దేశంలో నువ్వే ఫస్టు! ఐదు వారాల్లో ఒక్క పుట ముందూ వెనకా లేదంట. ఇంత నిలకడగా పాఠం నడిపిన మనిషిని చూళ్ళేదంటున్నారు. ఎల్లుండి నైరోబీ నుంచి వస్తున్నారు, వీడియో తీస్తారంట!"

వంటపాకలోంచి కుండ మూత కింద పడ్డ చప్పుడు వినిపించింది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. పాఠాల విభాగం చూసే కెండి మేడమ్, కంపెనీకి పెట్టుబడి పెట్టిన తెల్లాయన. ఆయన మెడలో కెమెరా. మేడమ్ నున్నగా ఇస్త్రీ చేసిన మనిషి. మాటా అంతే. ట్యాబ్ నా చేతిలో ఉంది, పొద్దున్నే కవరులోంచి తీసి తుడిచాను. ఒక మూల గంజి మరక మాత్రం పోలేదు.

"పిల్లలు చదువుతుంటే తీద్దాం," అంది మేడమ్. నా చేతిలోంచి ట్యాబ్ తీసుకుని, ఇంకా చెప్పని పాఠం తెరిచి, ముందు బెంచీలో కూర్చున్న పిల్లకి అందించింది. ఆ పిల్ల ఎవర్లిన్. "చదువమ్మా, భయపడకు."

ఎవర్లిన్ లేచి నిలబడింది. చదివింది. తనకి చదవమన్నది పుట. నలుపేదో ఎరుపేదో దానికి ఎవరూ చెప్పలేదు. మొదటి అక్షరం నుంచి మొదలెట్టింది.

"టీచరు తరగతి మధ్యకి నడవాలి. నవ్వాలి. 'పిల్లలూ, ఈ రోజు వాన గురించి నేర్చుకుందాం' అనాలి. మూడు లెక్కపెట్టాలి. పిల్లలు 'వాన' అంటారు. 'చాలా బాగా చెప్పారు' అనాలి. పిల్లలు సరిగ్గా చెప్పకపోయినా 'చాలా బాగా చెప్పారు' అనాలి."

తరగతిలో గుసగుస మొదలైంది. మేడమ్ చెయ్యి చాచింది. ఎవర్లిన్ ఇవ్వలేదు. దానికి ఆట బాగుంది.

"పిల్లలు ప్రశ్న అడిగితే 'మంచి ప్రశ్న, తర్వాత చూద్దాం' అనాలి. పుట తిప్పాలి." పిల్ల తలెత్తింది. "పుట తిప్పాను టీచర్. తర్వాత పుటలో ఆ ప్రశ్న లేదు. ఎప్పుడు చూస్తారు?"

వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ తర్వాత తరగతంతా నవ్వింది. తెల్లాయన కూడా నవ్వాడు, కెమెరా దించలేదు.

కెండి మేడమ్ తెలివైన మనిషి. ఒక్క క్షణం మొహం మాడ్చుకుని వెంటనే సర్దుకుంది. "చూశారా!" అంది ఆయన వైపు తిరిగి. "ఎనిమిదేళ్ళ పిల్ల, చూడని పేజీ, ఎంత ధారాళంగా చదివిందో! ఐదు వారాలు మన పాఠం పొల్లుపోకుండా నడిపితే వచ్చిన ఫలితం ఇది." నా వైపు తిరిగింది. "నాసిమియు, వచ్చే టర్ము నుంచి అన్ని బళ్ళకీ నీ వేగమే కొలత. పుటకి రెండు నిమిషాల పది సెకన్లు. తక్కువైనా ఎక్కువైనా ఎర్ర గుర్తే. నువ్వే నేర్పాలి మిగతావాళ్ళకి. జీతం కూడా చూస్తాం."

ఒగోలా సారు నా వెనక నిలబడి ఊపిరి వదలడం వినిపించింది. తప్పించుకున్నాం అన్న ఊపిరి అది.

నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే జీతం పెరుగుతుంది, వంటపాకలో ట్యాబ్ తిరుగుతూ ఉంటుంది, నా పిల్లలు చదువుకుంటూ ఉంటారు. ఎవరికీ నష్టం లేదు. మొంబాసాలో ఆ టీచరుకి తప్ప. కిసుములో ఇంకో టీచరుకి తప్ప. గంజి కాగే వేగంతో పుట తిప్పలేక ఉత్తరాలు అందుకోబోయే వందలమందికి తప్ప. నేను నోరు తెరవకపోతే అబద్ధం నా ఒక్కదానిదే కాదు, వాళ్ళందరి మెడకీ చుట్టుకుంటుంది.

"ఆ వేగం నాది కాదు మేడమ్," అన్నాను.

"అంటే?"

"పుటకి నలభై చుట్లు. గరిటెతో. వంటమనిషిది."

గుమ్మం దాకా వెళ్ళి తబితా వాళ్ళమ్మని కేకేశాను. గరిటె చేత్తోనే వచ్చింది, గంజి చుక్కలు కారుతున్నాయి. కెండి మేడమ్ ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"నువ్వా? ఐదు వారాలు నువ్వు పాఠం నడిపావా?"

"పాఠమా? నాకు పాఠం ఏం వచ్చమ్మా. నేను తిప్పాను. తిప్పేవాళ్ళు కావాలనే కదా మీరు దాన్ని పంపింది?"

తెల్లాయనకి మా భాష రాదు. ఏమంటోంది, ఏమంటోంది అని ఇద్దరినీ అడిగాడు. మేడమ్ చెప్పలేదు. ఒగోలా చెప్పలేదు. ఎవర్లిన్ ఇంగ్లీషులో చెప్పింది. తప్పులతోనే చెప్పింది, అర్థమయ్యేలా చెప్పింది. ఎవరూ ముందు అనకుండానే చెప్పింది.

సాయంత్రానికి ఉత్తరం వచ్చింది. కంపెనీ పరికరాన్ని దుర్వినియోగం చేశానని. ఒగోలా సారు గేటు బయట నిలబడి ఇచ్చాడు, నా మొహం చూడలేదు.

"ఆమెనీ తీసెయ్యమన్నారు మ్వాలిము. వంటమనిషిని పెట్టింది కంపెనీ కాదు, తల్లులు చందాలు వేసుకుని పెట్టుకున్నారు, తియ్యడానికి నాకు హక్కు లేదని చెప్పాను."

"అలా అన్నారా? ఫోన్లో?"

"అన్నాను. కూర్చునే అన్నాను."

ఆ ఒక్క మాటకి ఆయన్ని సగం క్షమించాను. మిగతా సగం ఇంకా బాకీ ఉంది.

ఇంటికి వెళ్ళి అక్కకి చెప్పాను. టమాటాలు ఏరుతోంది. చివరి దాకా వింది.

"నోరు మూసుకుంటే సరిపోయేది కదే?"

"సరిపోయేది."

"జీతం కూడా పెంచుతానంది కదా?"

"అంది."

"మరి నీకేం పుట్టిందే?"

అక్క ఒక కుళ్ళిన టమాటా తీసి పక్కన పడేసింది. మంచిది ఒకటి బుట్టలో వేసింది. అలా ఓ పది ఏరింది.

"రేపు నాలుగింటికే లే," అంది. "నాకు నడుం నొప్పి. బుట్టలు నువ్వే మొయ్యాలి."

మోశాను. సెలవులన్నాళ్ళూ మోశాను. భుజాలు కాయలు కాశాయి. సంతలో కొందరు, "ఏం మ్వాలిము, టమాటాలకి పాఠం చెప్తున్నావా?" అని వెక్కిరించారు. "మీకంటే తొందరగా నేర్చుకుంటున్నాయి," అన్నాను. సాయంత్రాలు మా ఇంటి ముందు పదిమంది పిల్లలు చేరేవాళ్ళు, తర్వాత ఇరవై. ఇంకా తడబడుతున్న ఆ పదహారుమందీ వచ్చేవాళ్ళు.

సెలవులయ్యాక నా గదికి కొత్త టీచరు వచ్చిందని ఎవర్లిన్ చెప్పింది. పేరు మ్వెండే. "పాపం, మంచిది పిన్నీ. కానీ భయం." అంతకంటే ఏమీ అడగలేదు నేను. ఆ పిల్లని ఆడిపోసుకోవాలని లేదు. ఐదు వారాల శిక్షణతో అక్కడ నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మే నెలలో ఒక శనివారం ఆ పిల్లే మా ఇంటికి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. గుమ్మంలో నిలబడి చెప్పులు కూడా విప్పకుండా మొదలెట్టింది.

"ఏం నేర్పారండీ ఆ పిల్లలకి? నన్ను చదవనివ్వడం లేదు! నేను నోరు తెరిచేలోపల నా భుజం మీంచి తొంగి చూసి వాళ్ళే చదివేస్తున్నారు. 'టీచర్, ఇప్పుడు నువ్వు నవ్వాలి' అంటున్నారు. 'టీచర్, ఈ ముక్క అనవసరం, దాటెయ్' అంటున్నారు. నిన్న ఒకడు, 'నీకు సొంతంగా ఏమైనా తెలుసా' అని అడిగాడు. అందరి ముందూ!"

"ఏం చెప్పావు?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "'మంచి ప్రశ్న, తర్వాత చూద్దాం' అన్నాను."

నాకు నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది, ఏడుస్తూనే. అక్క లోపల్నుంచి టీ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టి వెళ్ళింది.

"నేనేం చెయ్యాలో చెప్పండి మ్వాలిము," అంది చివరికి.

"రాసిస్తే చదువుతావా?"

ఆ దెబ్బ తగిలింది. తల దించుకుంది. అంత మాట అనకుండా ఉండాల్సింది, కానీ నా నోరు అలాంటిది. నేను పీట లాగి ఎదురుగా కూర్చున్నాను. "నేనేమీ పెద్ద చదువుకున్నదాన్ని కాదమ్మా. నేను చేసిందల్లా, పిల్లలకి రాలేదని ఒప్పుకోవడం. ముందు అది చెయ్యి. తర్వాతది వాళ్ళే చూపిస్తారు."

"కంపెనీకి తెలిస్తే తీసేస్తారు."

"తీసేస్తారు. నన్ను తీసేశారుగా."

"ఇప్పుడు పుటకి రెండు నిమిషాల పది సెకన్లంట. అన్ని బళ్ళకీ పెట్టేశారు. నాతో శిక్షణ పొందినవాళ్ళలో ముగ్గురికి అప్పుడే ఎర్ర గుర్తులు పడ్డాయి."

నేను అదిరిపడ్డాను. అంతా విన్నారు, చూశారు, కెమెరాలో పట్టుకున్నారు. అయినా గరిటె వేగమే పెట్టారు! నా నోటితో నేను చెప్పినదాన్ని ఒక్క అక్షరం కూడా లెక్కపెట్టలేదు. ఆ క్షణంలో నాకు ఒకటి తెలిసింది. ఒక్కదాన్నే నిలబడి నిజం చెప్పడం కూడా ఒక రకంగా వానలో పాఠం చదవడమే. వినపడదు.

"నీతో ఎంతమంది శిక్షణ పొందారు?"

"నలభై ముగ్గురం."

"వాళ్ళ నంబర్లున్నాయా?"

"ఉన్నాయి. గ్రూపు ఉంది. కానీ దాన్లో కంపెనీ వాళ్ళు కూడా ఉన్నారు."

"గ్రూపు వద్దు. ఒక్కొక్కళ్ళకీ చెయ్యి."

"చేసి ఏమని చెప్పను?"

"ముందు ఒకటి అడుగు. మీ పిల్లల పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టి చూశారా అని అడుగు."

మ్వెండే టీ గ్లాసు నేల మీద పెట్టింది. అప్పుడు చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. ఫోను తీసి, పేర్లు పైకీ కిందికీ జరిపి, ఎవరి దగ్గరో ఆగింది.

అవతల ఎవరో ఎత్తారు.